ఫైళ్లు రెండు.. ఒళ్లు ఒక్కటే!

బీపీ మాత్రలు ఒక డాక్టరు రాస్తారు. మనసుకు సంబంధించిన మాత్రలు మరో డాక్టరు రాస్తారు. ఒకరు రాసింది మరొకరికి తెలియకపోతే..?

ఓపీలో మేం రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఇంట్లో ఇంకేం మందులు వాడుతున్నారు?’ అని. చాలామంది వెంటనే కవర్లోంచి బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు తీసి బల్ల మీద పెడతారు. గ్యాస్ మాత్ర, కాల్షియం మాత్ర, మోకాళ్లకు రాసుకునే పూతమందు కూడా చూపిస్తారు. ‘ఇంకేమైనా?’ అంటే ‘అంతేనండీ’ అంటారు. ఒక్క స్ట్రిప్పు మాత్రం హ్యాండ్‌బ్యాగ్ అడుగునో, బీరువాలో చీరల కిందో ఉండిపోతుంది. అది డిప్రెషన్‌కో, ఆందోళనకో, నిద్రకో సైకియాట్రిస్టు రాసిన మాత్ర.

కాసేపటికి భర్తో, కూతురో ఒక్కరే వెనక్కి వచ్చి గొంతు తగ్గించి ‘అమ్మకి ఒక నరాల మాత్ర కూడా ఉందండీ, చీటీ మీద మాత్రం రాయకండి’ అంటారు. అలా వెనక్కి వచ్చి చెప్పేవాళ్లుంటే మాకు సగం పని తేలికవుతుంది. ఎందుకంటే ఆ ఒక్క మాత్ర పేరు తెలిస్తే, రాయబోయే బీపీ మందు మారిపోవచ్చు.

ముందే ఒక మాట. ఇది చదివి ఏ మాత్రా మానేయకండి. బీపీ మందులు మంచివే, మానసిక వ్యాధుల మందులు మంచివే. లక్షలమంది రెండూ కలిపి ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నారు. కొన్ని జతలు మాత్రం కలిసినప్పుడు గొడవ పడతాయి. ఆ జతలేవో తెలిసుంటే చాలు.

ఉప్పు అనుకుని పట్టుకునే కిడ్నీ

అన్నిటికన్నా ముందు చెప్పుకోవాల్సింది లిథియం గురించి. బైపోలార్ డిజార్డర్.. అంటే కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు లోతైన దిగులు వచ్చే జబ్బుకు ఇది ప్రధానమైన మందుల్లో ఒకటి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని ప్రభావాన్ని గుర్తించి రాశారు. ఇన్నేళ్లయినా దీని స్థానం చెక్కుచెదరలేదు. ఆత్మహత్య ముప్పును తగ్గించే గుణం ఉన్న అతి కొద్ది మందుల్లో ఇదొకటి.

దీనితో చిక్కల్లా ఏమిటంటే మేలు చేసే మోతాదుకూ, హాని చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో లిథియం సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలి. 1.5 దాటితే విష లక్షణాలు మొదలవుతాయి. 2 దాటితే ప్రమాదం. పారాసిటమాల్ మాత్ర ఒకటి ఎక్కువైతే ఏమీ కాదు గానీ, ఇక్కడ అలా కుదరదు.

లిథియాన్ని కాలేయం ముట్టుకోదు. దాదాపు మొత్తం కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. లిథియం, ఉప్పులోని సోడియం ఒకే కుటుంబానికి చెందిన మూలకాలు. కిడ్నీ వీటిని విడిగా గుర్తుపట్టలేదు. ఒంట్లో ఉప్పు తగ్గితే సోడియాన్ని వదులుకోకూడదని గట్టిగా వెనక్కి లాక్కుంటుంది. దాంతోపాటే లిథియాన్నీ లాగేస్తుంది. బీపీకి మనం విరివిగా వాడే నీటి మాత్రలు, అంటే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ వంటివి, చేసే పనే ఉప్పును మూత్రంలోకి పంపేయడం. అందుకే వీటిని మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలో లిథియం నాలుగోవంతో, ఇంకా ఎక్కువో పెరిగిపోవచ్చు. వేసుకుంటున్న లిథియం మాత్రల సంఖ్య మాత్రం మారదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పేరు చివర ‘ప్రిల్’ అని ఉండే ఎనలాప్రిల్, రామిప్రిల్, ‘సార్టన్’ అని ఉండే టెల్మిసార్టన్, లోసార్టన్, ఓల్మిసార్టన్ కూడా లిథియాన్ని పెంచుతాయి. వీటితో ఆ పెరుగుదల ఒక్కోసారి నిదానంగా, మూడు నాలుగు వారాలకు బయటపడుతుంది. మన దగ్గర టెల్మిసార్టన్, నీటి మాత్ర కలిపి ఒకే బిళ్లగా ఎక్కువగా రాస్తారు. బీపీకి చక్కటి కాంబినేషనే అది. లిథియం వాడేవాళ్ల విషయంలో మాత్రం రెండు వైపుల నుంచీ దెబ్బ.

అరవై దాటిన రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఒకాయన్ని మే నెలలో క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. చేతులు గ్లాసు పట్టుకోలేనంతగా వణుకుతున్నాయి. నడక తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది. వీధిలో వాళ్లు తాగారనుకున్నారట. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకున్నారు. స్కాన్ తీస్తే మెదడులో ఏమీ లేదు. వడదెబ్బా? జ్వరం లేదు. మా హౌస్‌సర్జన్ అమ్మాయి ఆయన భార్యను పక్కకు తీసుకెళ్లి ఓపిగ్గా మాట్లాడితే అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్లుగా లిథియం వాడుతున్నారు. ఒక్కసారి కూడా జబ్బు తిరగబెట్టలేదు. పిల్లలకు పాఠాలు చెప్పారు, హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. మూడు వారాల కిందట బీపీ 160/100 ఉందని దగ్గర్లోని డాక్టరు కాంబినేషన్ మాత్ర రాశారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఆయన ఉపాధ్యాయుడు కదా, చెప్పింది చెప్పినట్టు చేశారు. చారులో కూడా ఉప్పు మానేశారు. పైగా మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేసుకున్నారు. ఆ రోజు రక్తంలో లిథియం 2.3.

లిథియం, బీపీ మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఆపేసి సెలైన్ ఎక్కించాం. డయాలసిస్ దాకా వెళ్లలేదు. వారం రోజుల్లో లేచి నడిచారు. బీపీకి ఆమ్లోడిపిన్ మొదలుపెట్టాం. తర్వాత సైకియాట్రిస్టు లిథియాన్ని తక్కువ మోతాదుతో మళ్లీ ప్రారంభించారు. ఆ మందు ఆయనకు ఇరవై ఏళ్ల జీవితం ఇచ్చింది, దాన్ని పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు.

ఇందులో తప్పెవరిదని వెతికితే ఎవరూ కనిపించరు. బీపీ మాత్ర రాసిన డాక్టరుకు లిథియం సంగతి తెలియదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. ఇంట్లో చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఊళ్లో డాక్టరు గారికి తెలిస్తే కాంపౌండరుకు తెలుస్తుంది, కాంపౌండరుకు తెలిస్తే..!

లిథియం వాడేవాళ్లకు బీపీ వస్తే చికిత్స లేదని కాదు. ఆమ్లోడిపిన్ లాంటి మందులతో సాధారణంగా ఈ గొడవ ఉండదు. డిల్టియాజెమ్, వెరపమిల్ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. గుండెకో, కిడ్నీకో ప్రిల్, సార్టన్ మందులు తప్పనిసరైతే లిథియం మోతాదు ముందే తగ్గించి, వారం తిరక్కుండా రక్తపరీక్ష చేసి, మరికొన్ని వారాలు గమనిస్తూ వాడొచ్చు. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుంటే జరిగే పనే ఇది.

ఉప్పు గురించి కూడా ఒక సంగతి. లిథియం వాడేవాళ్లు ఉప్పును ఉన్నట్టుండి తగ్గించకూడదు, పెంచకూడదు. ఉప్పు తగ్గితే లిథియం పెరుగుతుంది, ఉప్పు పెరిగితే లిథియం తగ్గుతుంది. ఆవకాయ జాడీ తెరిచిన నెలకూ, ఉపవాసాలు చేసే నెలకూ మధ్య రక్తపరీక్షలో తేడా రావడానికి ఇదో కారణం. బీపీ కోసం ఉప్పు తగ్గించాలంటే కొద్దికొద్దిగా తగ్గించి, ఆ సంగతి సైకియాట్రిస్టుకు చెప్పాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఎండలో బాగా చెమటలు పోసినా, నీళ్లు కూడా ముట్టని ఉపవాసం చేయాలనుకున్నా డాక్టరును అడగకుండా లిథియం అలాగే కొనసాగించడం మంచిది కాదు. నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వద్దు. పారాసిటమాల్ నయం.

‘వయసు మీద పడింది’ అనుకుంటే..

లిథియం వాడేవాళ్లు తక్కువే. ఇప్పుడు చెప్పబోయే జత మాత్రం చాలా ఇళ్లలో ఉంటుంది. డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇవాళ ఎక్కువగా రాసే మందులు ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్ ఈ కోవలోవి. పాతకాలపు మందులతో పోలిస్తే భద్రమైనవి. అయితే పెద్ద వయసువాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఇవి ఒంట్లో నీరు నిలిచేలా చేసి రక్తంలో సోడియాన్ని పలచబరచవచ్చు. అదే మనిషి బీపీకి నీటి మాత్ర కూడా వేసుకుంటుంటే అది మరోవైపు నుంచి సోడియాన్ని లాగేస్తుంది. రెండూ కలిస్తే సోడియం ఒక్కసారిగా పడిపోతుంది.

ఉండాల్సింది 135 నుంచి 145. 130కి దిగితే నీరసం, తలనొప్పి, వికారం. ఇంకా దిగితే తికమక, మగత, తూలి పడటం. 120 దాటి కిందికి పోతే ఫిట్స్ రావొచ్చు, కోమాలోకీ వెళ్లొచ్చు. చాలావరకు ఇది కొత్త మాత్ర మొదలుపెట్టిన మొదటి నెలలోనే జరుగుతుంది.

భర్త పోయాక దిగులుతో మంచం పట్టిన డెబ్భై ఏళ్ల ఆవిడకు ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టారు. బీపీకి క్లోర్‌థాలిడోన్ అంతకుముందు నుంచే ఉంది. మూడో వారంలో మనవడి పేరు మర్చిపోయారు. తలుపు గడియ ఎటు తియ్యాలో తెలియక నిలబడిపోయారు. ‘పెద్దాయన పోయిన బెంగ, పైగా వయసు కదా’ అని ఇంట్లోవాళ్లు సర్దుకున్నారు. మతిమరుపు మందు రాయించుకుందామని వచ్చారు. సోడియం 118 ఉంది. నీటి మాత్ర మార్చి, సోడియాన్ని జాగ్రత్తగా పెంచాక వారంలో ఆవిడ నన్నే ‘కాఫీ తాగారా?’ అని అడిగారు.

అకస్మాత్తుగా వచ్చిన మతిమరుపు ముసలితనం వల్ల వచ్చేది కాదు. ముసలితనం రోజుల్లో రాదు. నెలలు, సంవత్సరాలు పడుతుంది. పది పదిహేను రోజుల్లో మనిషి మారిపోయారంటే ఏదో జరిగినట్టే. ఈ మధ్య కొత్త మాత్ర ఏదైనా మొదలైందా అని మొదట చూడండి. సోడియం పరీక్ష ఖరీదైనదేమీ కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారు. అరవై దాటినవాళ్లు నీటి మాత్ర వాడుతూ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మొదలుపెడుతుంటే ముందొకసారి, రెండు వారాలకు మరోసారి ఈ పరీక్ష చేయించమని అడగండి.

‘సోడియం తగ్గిందట, ఉప్పు నీళ్లు తాగించండి’ అని పక్కింటివాళ్లు చెబుతారు. అలా చేయొద్దు. ఇక్కడ సమస్య ఉప్పు తక్కువ తినడం ఒక్కటే కాదు, ఒంట్లో నీరు ఎక్కువ నిలవడం కూడా. సోడియాన్ని గబగబా పెంచితే మెదడుకే దెబ్బ. ఆసుపత్రిలో గంటల లెక్కన చూసుకుంటూ పెంచాలి. ఇంకో సంగతి.. రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు తాగితే సర్వరోగాలూ పోతాయని ఫోన్లలో తిరిగే సలహా ఉంది చూశారూ, ఈ రెండు మందులూ వాడే పెద్దవాళ్లకు అది నిజంగా చేటు. దాహమైనంత తాగితే చాలు.

బైపోలార్‌కు, ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్ కూడా సోడియాన్ని తగ్గిస్తాయి. నీటి మాత్రతో కలిస్తే ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి.

లేచి నిలబడితే..

పడుకున్న మనిషి లేచినప్పుడు రక్తం కాళ్లలోకి జారుతుంది. రక్తనాళాలు వెంటనే బిగుసుకుని దాన్ని పైకి నెడతాయి. క్వెటియాపిన్, ఒలాంజపిన్, రిస్పెరిడోన్, క్లోజపిన్, క్లోర్‌ప్రోమజైన్ వంటి మందులకు ఈ బిగింపును కొంత సడలించే గుణం ఉంది. అమిట్రిప్టిలిన్‌కూ ఉంది. బీపీ మాత్రలు, ముఖ్యంగా ప్రజోసిన్, చేసేదీ అదే. ప్రొస్టేట్ సమస్యకు మగవాళ్లు వాడే టామ్సులోసిన్ కూడా ఈ వర్గానికి చెందినదే. అంటే డెబ్భై ఏళ్ల పెద్దాయన బీపీకి ఒకటి, ప్రొస్టేట్‌కు ఒకటి, నిద్రకు క్వెటియాపిన్ ఒకటి వేసుకుని రాత్రి రెండింటికి బాత్రూముకు లేస్తే ఏమవుతుందో ఊహించండి. ఎముకల వార్డులో తుంటి విరిగి చేరే పెద్దవాళ్లను ‘ఎలా పడ్డారు?’ అని అడిగితే ‘కాలు జారింది’ అంటారు. చాలాసార్లు జారింది కాలు కాదు, బీపీ.

ఇంట్లో మిషన్ ఉంటే మీరే చూడొచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి. చూసేటప్పుడు పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. కూర్చోబెట్టి చూసిన బీపీ 130/80 ఉందని సంతోషపడితే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

అమిట్రిప్టిలిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దీన్ని మానసిక మాత్ర అని చాలామందికి తెలియదు. మైగ్రేన్‌కు, షుగర్ వల్ల వచ్చే కాళ్ల మంటలకు తక్కువ మోతాదులో రాస్తారు. అందుకే ‘మనసుకు సంబంధించిన మాత్రలేమైనా వాడుతున్నారా?’ అంటే నిజాయితీగానే లేదంటారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు బీపీ లొంగకపోతే క్లోనిడిన్ రాస్తుంటాం. అమిట్రిప్టిలిన్ దాని పనిని అడ్డుకుంటుంది. అప్పుడు బీపీ పడిపోవడం కాదు, పెరుగుతుంది. ఒకే మాత్ర ఒక బీపీ మందుకు తోడై కళ్లు తిరిగేలా చేస్తుంది, మరో బీపీ మందుకు అడ్డం పడుతుంది. పేర్లు తెలియకుండా ఇవి లెక్కగట్టడం కుదరదు.

కాలేయంలో క్యూ

మందుల్ని విడగొట్టి బయటికి పంపే పని ఎక్కువగా కాలేయానిది. అందుకోసం దానికి కొన్ని ఎంజైములున్నాయి. సీవైపీ 2డీ6 అనేది వాటిలో ఒకటి. బీపీకి, గుండెకు వాడే మెటోప్రొలాల్ దీని ద్వారానే పోవాలి. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్, బుప్రొపియాన్ ఈ ఎంజైమును అడ్డగిస్తాయి. బిల్లు కౌంటరులో ఒక్కరే ఉండి, ఆయన దగ్గర ఒకరు తిష్ఠ వేసుకు కూర్చుంటే వెనక క్యూ పెరిగినట్టే, మెటోప్రొలాల్ రక్తంలో పేరుకుంటుంది. కొన్ని రెట్లు కూడా పెరగొచ్చు. 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నా అంతకు ఎన్నో రెట్లు వేసుకున్నట్టు అవుతుంది. నాడి 45కు పడిపోతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి, మెట్లెక్కితే ఆయాసం. డిప్రెషన్ తగ్గిందనుకుంటే నీరసం పెరిగిందేమిటని మనిషి మరింత దిగులు పడతాడు. నెబివొలాల్, ప్రొప్రనొలాల్ కూడా కొంతవరకు ఈ దారినే పోతాయి. అటెనొలాల్ కిడ్నీల ద్వారా పోతుంది కాబట్టి దానికీ గొడవ లేదు. సెర్ట్రాలిన్ మామూలు మోతాదులో అంతగా అడ్డుపడదు. అంటే ఇటో అటో ఒక మందు మార్చుకునే వీలుంది. ఫ్లూఆక్సెటిన్ మానేసినా దాని ప్రభావం కొన్ని వారాలు ఒంట్లో ఉంటుంది. ‘అది మానేసి పదిరోజులైందండీ’ అని దాన్ని చెప్పకుండా వదిలేయకండి.

ఆందోళనకు, చేతుల వణుకుకు సైకియాట్రిస్టులు రాసే ప్రొప్రనొలాల్ స్వయంగా బీపీ మందే. క్లోనజిపామ్‌తో కలిపి ఒకే బిళ్లగా కూడా దొరుకుతుంది. ఇంట్లో దాన్ని ‘టెన్షన్ మాత్ర’ అంటారు. అది చెప్పకపోతే బీపీ డాక్టరు దాని పైన మెటోప్రొలాలో, అటెనొలాలో రాయొచ్చు. ఒకే కోవ మందులు రెండవుతాయి. దాని మీద వెరపమిల్, డిల్టియాజెమ్ కూడా పడితే గుండె లయ ఆగి ఆగి కొట్టుకునే ప్రమాదం ఉంది.

కార్బమజెపిన్ కథ దీనికి తిరగవేత. అది కాలేయం పనిని వేగవంతం చేస్తుంది. దాంతో ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ త్వరగా ఖర్చయిపోతాయి. బీపీ తగ్గదు, డాక్టరు మోతాదు పెంచుతారు. కొన్నాళ్లకు కార్బమజెపిన్ ఆపేస్తే అదే మోతాదు ఎక్కువై బీపీ పడిపోతుంది.

బీపీ పెంచే మాత్రలూ ఉన్నాయి

మూడు రకాల బీపీ మాత్రలు వేసినా తగ్గడం లేదని వచ్చేవాళ్లలో వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్ వాడుతున్నవాళ్లు ఉంటారు. మోతాదు పెరిగేకొద్దీ వీటితో బీపీ పెరగొచ్చు. డ్యులోక్సెటిన్, బుప్రొపియాన్, పిల్లల్లో ఏకాగ్రత లోపానికి వాడే మిథైల్‌ఫెనిడేట్ కూడా అంతే. బీపీకి నాలుగో మాత్ర చేర్చేముందు ఈ మాత్రను తగ్గించవచ్చేమో, మార్చవచ్చేమో చూడటం తెలివైన పని. ఒలాంజపిన్, క్లోజపిన్ బరువు పెంచి ఆ దారిన బీపీని, షుగర్‌ను తెస్తాయి. వాటిని వాడేవాళ్లు ఇంట్లో నెలకోసారి బరువు చూసుకోవాలి.

బీపీ మాత్ర వల్లే డిప్రెషన్ వచ్చిందని కొందరు అడుగుతుంటారు. అటెనొలాల్ వంటివి దిగులు తెస్తాయన్నది పాత నమ్మకం. తర్వాతి పరిశోధనలు దాన్ని అంతగా బలపరచలేదు. నీరసం, పీడకలలు మాత్రం కొందరికి నిజంగానే వస్తాయి. ఆ నమ్మకానికి మూలం బహుశా మరో మందులో ఉంది. దాని కథ మన నేల మీదే మొదలైంది.

సర్పగంధ వేరును మన వైద్యంలో తరతరాలుగా నిద్రకు, ఉన్మాదానికి వాడేవారు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు కలకత్తా వైద్యులు అది పిచ్చికీ, రక్తపోటుకూ రెండింటికీ పనిచేస్తుందని రాశారు. బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక ప్రపంచం దాన్ని చూసింది. 1952లో దాన్నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. కొన్నేళ్లపాటు అటు బీపీ రోగులకూ, ఇటు మానసిక రోగులకూ అదే మాత్ర. తర్వాత వాడేవాళ్లలో కొందరికి తీవ్రమైన దిగులు కలుగుతోందన్న నివేదికలు రావడం, అంతకన్నా మెరుగైన మందులు రావడంతో వెనకబడింది. మెదడుకూ రక్తనాళాలకూ సందేశాలు చేరవేసే రసాయనాలు ఒక్కటే కాబట్టి ఒకదాని మందు రెండోదాన్ని తాకకుండా ఉండదని అప్పుడే తెలిసింది.

సర్పగంధ ఉన్న వటీలు ఆయుర్వేద దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. ‘మూలికే కదా’ అని బీపీ మాత్రతోపాటు దాన్నీ వేసుకునేవాళ్లున్నారు. అది కూడా మందే. వేసుకుంటుంటే చెప్పాలి. డిప్రెషన్ ఉన్నవాళ్లయితే అసలు సొంతంగా ముట్టుకోకూడదు.

గంట తేడాతో వేసుకుంటే?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. ‘ఉదయం బీపీ మాత్ర, రాత్రి నిద్ర మాత్ర.. మధ్యలో పన్నెండు గంటలు గ్యాప్ ఉంది కదా, ఇంకేం గొడవ?’ అంటారు. కడుపులో కలిసి గొడవపడే మందులకైతే ఆ తేడా పనికొస్తుంది. ఇక్కడ చెప్పుకున్నవి కడుపులో కలిసేవి కావు. రోజంతా రక్తంలో తిరిగేవి. లిథియం, నీటి మాత్ర ఎంత ఎడంగా వేసుకున్నా కిడ్నీ దగ్గర కలుస్తాయి. కళ్లు తిరిగే జతల విషయంలో మాత్రం వేళలు మారిస్తే కొంత ఉపయోగం ఉంటుంది. అది కూడా రాసిన డాక్టరును అడిగాకే.

అలాగే భయపడి ఒకదాన్ని ఠక్కున ఆపేయడం ఇంకా ప్రమాదం. క్లోనిడిన్ ఆపేస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ప్రొప్రనొలాల్, మెటోప్రొలాల్ ఆపితే గుండె దడదడలాడుతుంది, గుండెజబ్బు ఉన్నవాళ్లకు నొప్పి రావొచ్చు. లిథియం ఆపితే జబ్బు తిరగబెడుతుంది. డిప్రెషన్ మాత్ర ఆపితే తల తిమ్ముగా, కరెంటు షాక్ కొట్టినట్టు ఉండటమే కాదు, పాత ఆలోచనలు కూడా వెనక్కి రావొచ్చు. మందులు మానేసి అలాంటి ఆలోచనలతో సతమతమవుతుంటే ఆలస్యం చేయకుండా వాళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. రాత్రీ పగలూ పలికే టెలీమానస్ ఉచిత నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

విషపు లక్షణాలు కనిపిస్తే మాత్రం ఫోన్లో సలహాలు అడుగుతూ కూర్చోవద్దు. లిథియం వాడే మనిషి వాంతులతో తూలుతుంటే, ఎవరైనా కొత్తగా తికమకపడుతుంటే, స్పృహ తప్పితే, నాడి 50 లోపుండి కళ్లు తిరుగుతుంటే మందుల సంచితో సహా ఆసుపత్రికి రండి.

చెప్పడం ఎలా?

మీరు దాచడానికి కారణం మాకు అర్థమవుతుంది. ఈ సమాజంలో ఆ భయం ఊరికే రాలేదు. అయితే రెండు సంగతులు తెలుసుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం రోగి చికిత్స వివరాల్ని గోప్యంగా ఉంచడం వైద్యం చేసేవాళ్ల బాధ్యత, అది రోగి హక్కు. మీ వియ్యంకులు అడిగారని మేం చెప్పం. రెండోది, మీకేం జబ్బో మొత్తం చెప్పనక్కర్లేదు. చెప్పడం ఇబ్బందిగా ఉంటే మందు పేరు, మోతాదు చెప్పండి, చాలు. బీపీ మందు ఎంచుకోవడానికి మాకు కావాల్సింది అదే. గదిలో జనం ఉంటే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఇటువైపు సైకియాట్రిస్టుకూ బీపీ మాత్రల పేర్లు చెప్పాలి. ‘బీపీకి ఏదో తెల్ల మాత్ర’ అంటే లాభం లేదు.

కాంబినేషన్ మాత్రల్లో ఒకే బిళ్లలో రెండు మూడు మందులుంటాయి. పేరు చివర హెచ్ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే లోపల హైడ్రోక్లోరోథయాజైడ్, సీటీ అని ఉంటే క్లోర్‌థాలిడోన్, ఏఎమ్ అని ఉంటే ఆమ్లోడిపిన్ ఉండే అవకాశం ఎక్కువ. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఆ అక్షరాల్నే నమ్ముకోవద్దు. షాపులో స్టాక్ లేక వేరే కంపెనీది ఇస్తే ఆ అక్షరం ఉన్నది కాస్తా లేనిది కావొచ్చు, లేనిది ఉన్నది కావొచ్చు. ఇంటికి తెచ్చుకున్నాక పాత స్ట్రిప్పుతో పోల్చి చూడండి.

లిథియం పరీక్షకు వెళ్లేరోజు రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇవ్వాలి. ఉదయం మాత్ర వేసుకోకుండా సంచిలో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోండి. వేసుకుని వెళ్తే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఆరునెలలకోసారి క్రియాటినిన్, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి.

ఇక ఫోన్లో ఇంట్లో ఒక్కొక్కరి పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, వాళ్లు వాడే ప్రతి స్ట్రిప్పుకూ రెండు వైపులా ఫొటో తీయండి. పెద్ద అక్షరాల పేరు ఒకవైపు ఉంటే, లోపల ఉన్న మందుల పేర్లు, మోతాదులు చిన్న అక్షరాల్లో రెండోవైపు ఉంటాయి. మాకు కావాల్సింది ఆ చిన్న అక్షరాలే. మాత్రలు తీసేటప్పుడు పేరున్న చివరి నుంచి కాకుండా రెండో చివరి నుంచి తీసుకుంటూ వస్తే, చివరి మాత్ర దాకా ఆ అక్షరాలు మిగులుతాయి.